పేరు పెద్దగా తెలియని పాటగాళ్ల చిన్న కచేరీలు: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శనివారం సాయంత్రం "ఎక్కడికి పోతున్నావ్?" అంటారు. "పాట వినడానికి" అంటాను. "ఎవరు?" అంటారు. పేరు చెప్తాను. "ఎవరూ?" అని మళ్లీ అడుగుతారు, ఈసారి దీర్ఘం తీసి. ఆఫీసులో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, ఊరి నుంచి ఫోన్ చేసిన బావమరిది దగ్గర ఆ దీర్ఘానికి జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అన్నీ ఒకచోట రాసిపెట్టాను. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ని కాదు. అనంతపురం నుంచి వచ్చి కుందలహళ్లిలో ఉంటూ, వీలున్న ప్రతి వారాంతం ఏదో ఒక గదిలో వెనక్కి కాకుండా ముందుకు కూర్చునేవాణ్ని, అంతే.

అసలు వీళ్లెవరు? సింగర్లా, మ్యూజిక్ డైరెక్టర్లా?

తన పాట తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, తనే పాడుకునేవాళ్లు. దీనికి మనకు ఎప్పటినుంచో ఒక మాట ఉంది: వాగ్గేయకారుడు. మాటా పాటా రెండూ తనవే అయినవాడు. అన్నమయ్య (1408–1503), త్యాగయ్య (1767–1847) అలాంటివాళ్లే. ఇరవై ఆరేళ్ల కుర్రాడికి ఆ మాట తగిలిస్తే బరువెక్కువవుతుందని ఎవరూ వాడరు. వాడితే తప్పేం లేదని నా ఉద్దేశం. త్యాగయ్య కూడా తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తి (ఇంటింటా భిక్ష) చేస్తూ పాడినవాడే, టికెట్ కొన్నవాళ్ల ముందు కాదు. తేడా ఒకటుంది. ఆయన పాట చివర "త్యాగరాజ" అని ముద్ర ఉంటుంది. వీళ్ల పాట చివర "నా ఇన్‌స్టా పేజీ ఫాలో అవ్వండి" అని విన్నపం ఉంటుంది.

సినిమా పాటలు పాడతారా?

పాడరు. అడగొద్దు కూడా.

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మనకు పాటంటే సినిమా పాటే. సినిమా బయట తెలుగు పాట లేక కాదు. గద్దర్, వంగపండు, గోరటి వెంకన్న సొంతంగా రాసి పాడినవాళ్లే, కానీ వాళ్లను మనం విన్నది సభల్లో, మైదానాల్లో, వేలమంది మధ్య. ఆకాశవాణి లలిత సంగీతం ఉండేది. బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018) తనే రాసి, తనే స్వరపరిచి, తనే పాడిన మనిషి. కానీ రేడియో పక్కన కూర్చుని కాగితం మీద పాట రాసుకున్న తరం మా అమ్మతో అయిపోయింది. ఇప్పుడు ముప్పై మంది ఉన్న గదిలో ఒకడు గిటారు పట్టుకుని మా పీజీ గురించి, మా నాన్న గురించి పాడతానంటే మనకు ఏదో ఇబ్బంది. హీరో లేడు, సీను లేదు, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అందుకే రెండో పాట కాగానే వెనక నుంచి ఎవరో ఒకరు "అన్నా, ఏదైనా తెలిసిన పాట!" అని అరుస్తారు.

నేనూ అలా అరిచినవాణ్నే. మానేసింది ఒక మదనపల్లె అమ్మాయి పాట విన్నాక. ఇందిరానగర్‌లో ఒక కాఫీ షాపు మేడ మీద, పట్టుమని పాతిక మంది లేము. వాళ్ల అవ్వ చింతపండు కొడుతూ కూర్చోవడం మీద పాట. పల్లవి "గింజ తీసిన చింతపండు మాదిరి మెత్తగయిపోతివేమవ్వా" అని. మొదటిసారి ఆ పాదం వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు నవ్వారు. తర్వాత చరణంలో అవ్వకు చూపు పోయిందనీ, గింజను వేళ్లతో తడిమి తీస్తుందనీ వచ్చింది. రెండోసారి పల్లవికి ఎవరూ నవ్వలేదు. మూడోసారి ఆ పిల్ల తీగలు మీటడం ఆపేసి, గిటారు చెక్క మీద వేలి కణుపుతో టక్ టక్‌మని కొడుతూ పాడింది. సుత్తి దెబ్బ. ఆ పాట మాలో ఒక్కరికి ముందే తెలిసి ఉన్నా ఆ టక్ టక్ వచ్చే లోపు ఫోన్ పైకెత్తి రెడీగా ఉండేవాళ్లం. తెలియదు కాబట్టి ఊరికే కూర్చుని ఉన్నాం, ఆ దెబ్బ మాకు తగిలింది.

బెంగళూరులో ఇవి ఎక్కడ జరుగుతాయి?

కూర్చుని వినడానికే కట్టిన చోట్లు కొన్ని ఉన్నాయి. జేపీ నగర్‌లో రంగశంకర (2004 నుంచి ఉంది, ప్రధానంగా నాటకాలు, అప్పుడప్పుడు సంగీతం), దొమ్మలూరులో బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్, వైట్‌ఫీల్డ్ దగ్గర జాగృతి, వసంతనగర్‌లో అలియాన్స్ ఫ్రాంసేజ్. ఇక్కడ కుర్చీలన్నీ స్టేజి వైపు తిరిగి ఉంటాయి. ఇదేం గొప్ప అనుకోకండి, సగం సంగతి అదే. కుర్చీలు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉన్న చోట జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, మొహం చూశాక మాట్లాడకుండా ఎవరుంటారు?

పుస్తకాల షాపులు, కాఫీ షాపులు, మేడలు ఇంకో రకం. ఇందిరానగర్‌లో అట్ట గలాటా లాంటివి. నాకు ఇవే ఇష్టం. స్టేజి ఉండదు, ఒక చాప పరిచి ఉంటుంది, పాడేవాళ్ల మోకాలు మన మోకాలికి తగిలేంత దూరం. ఇక పబ్బులు, బ్రూవరీలు. వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ లాంటి చోట సౌండ్ అద్భుతంగా ఉంటుంది, బిల్లూ దానికి తగ్గట్టే ఉంటుంది. బార్ ఉన్న చోట 21 ఏళ్ల నిబంధన చూస్తారు, ఆధార్ దగ్గర పెట్టుకోండి.

ఇవి కాక ఇళ్లలో జరిగేవి. 2009లో లండన్‌లో మొదలైన సోఫార్ అనే పద్ధతి బెంగళూరుకీ వచ్చింది: ఎవరు పాడతారో ముందు చెప్పరు, ఎక్కడో కూడా దాదాపు ముందురోజు వరకు చెప్పరు. తెలియని పాటగాడిని వినడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు, ఎందుకంటే అక్కడ అందరూ తెలియనివాళ్లే.

పోయినసారి వెళ్లిన చోటు ఇప్పుడు లేదు. ఎందుకు మూతపడుతుంటాయి?

అద్దెలు ఒకటి. ఇంకోటి లైసెన్సులు. బెంగళూరులో బహిరంగ వినోద స్థలాల లైసెన్సింగ్ మీద 2005లో ఒక ఉత్తర్వు వచ్చింది. ఆర్కెస్ట్రా బార్లను అదుపు చేయడానికని తెచ్చిన ఆ ఉత్తర్వును 2018 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత పోలీసులు గట్టిగా పట్టుకునేసరికి మూలన ఒక్క గిటారు పెట్టుకున్న హోటళ్లు కూడా లైవ్ మ్యూజిక్ ఆపేశాయి. ఇందిరానగర్‌లో కొత్తవాళ్లకు బాగా చోటిచ్చిన హమ్మింగ్ ట్రీ 2019లో మూతపడింది. కాబట్టి బయల్దేరే ముందు ఆ చోటు పేజీ ఒకసారి చూసుకోండి. రెండేళ్ల కిందటి రివ్యూ చదివి వెళ్తే అక్కడ ఇప్పుడు బిర్యానీ పాయింట్ ఉండొచ్చు.

ఎవరు ఎప్పుడు పాడుతున్నారో ఎలా తెలుస్తుంది?

బుక్‌మైషోలో ముందు పెద్దవాళ్లే కనిపిస్తారు, చిన్నవాళ్లు అడుగున ఉంటారు. పాటగాళ్ల పేజీలకంటే చోట్ల పేజీలు ఫాలో అవ్వడం మేలు. మీకు నచ్చిన చోటు ఎవరిని పిలిచినా ఒక పద్ధతిలోనే పిలుస్తుంది. నాకు తెలిసిన ఇంకో దారి: ఒక ప్రోగ్రాంలో పాడినవాళ్లను "మీరు ఎవరి పాట వింటారు?" అని అడగండి. కనీసం ముగ్గురి పేర్లు చెప్తారు. అందులో ఒకరు వచ్చేవారం ఎక్కడో పాడుతూనే ఉంటారు.

టికెట్ ఎంత? అన్నిచోట్లా 499 అనే ఎందుకుంటుంది?

₹200 నుంచి ₹500 మధ్య ఉండేవే ఎక్కువ. 499 వెనక ఒక రూపాయి తగ్గించి చూపే చెప్పుల కొట్టు లెక్క కాక ఇంకో లెక్కుంది. సంగీత కార్యక్రమానికి ప్రవేశ రుసుము మనిషికి ₹500 దాటకపోతే దాని మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. దాటితే పన్ను పడుతుంది. టికెట్ అమ్మే యాప్ వసూలు చేసే కన్వీనియన్స్ ఫీజు మాత్రం వేరే, దానికి పాటగాడితో సంబంధం లేదు.

ఎంట్రీ ఫ్రీ అన్నారు. అయినా డబ్బులివ్వాలా?

చోటును బట్టి. బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్ లాంటి చోట చాలా కార్యక్రమాలకు ప్రవేశం నిజంగానే ఉచితం, ముందు వచ్చినవాళ్లకు ముందు సీటు. అక్కడ మొహమాటం అక్కర్లేదు. కాఫీ షాపులో ఫ్రీ అంటే లెక్క వేరు. మధ్యలో ఒక టోపీయో, స్టీలు గిన్నెయో, క్యూఆర్ కోడ్ అంటించిన అట్టముక్కో తిరుగుతుంది.

ఊరికే ఒక లెక్క వేద్దాం. ముప్పై మంది, మనిషికి ₹300, మొత్తం ₹9,000. చోటువాళ్లు సగం తీసుకుంటే మిగిలింది ₹4,500. తబలానో, కహోన్ అనే చెక్కపెట్టెనో వాయించిన స్నేహితుడికి సగం. గిటారు, యాంప్ వేసుకుని రానూపోనూ ఆటో. ఒక సెట్టు తీగలే ఐదారొందలు. ఇంటికి చేరేసరికి ఆ అమ్మాయి చేతిలో వెయ్యి మిగిలితే గొప్ప. మీరు తాగిన రెండు కాపుచీనోల ధర గిన్నెలో వేయండి, చాలు. "చిల్లర లేదు" అనే మాట యూపీఐ వచ్చాక చెల్లదు.

ఏడింటికి అంటే నిజంగా ఏడింటికేనా?

రంగశంకరలో ఏడున్నర అంటే ఏడున్నరే. తలుపు వేశాక ముఖ్యమంత్రి వచ్చినా తీయరని జనం అంటుంటారు. మా కొలీగ్ ఒకడు సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుని నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, బయట సాబుదానా వడ తిని ఇంటికి పోయాడు. వడ బాగుందట.

కాఫీ షాపుల్లో ఏడంటే ఏడుంబావు, పబ్బుల్లో ఎనిమిదిన్నర. అలాగని ఎనిమిదింబావుకు వెళ్లకండి. పాతిక మంది గదిలో ఆలస్యంగా వచ్చినవాడు అందరి కాళ్లూ దాటుకుంటూ, పాడేవాళ్ల వైర్లు తొక్కుతూ రావాలి. "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కొంచెం సర్దుకోండి) అని ఆ గదిలో పదిహేనుసార్లు చెప్పిన అనుభవంతో చెప్తున్నాను.

వైట్‌ఫీల్డ్, కుందలహళ్లి వైపు నుంచి వచ్చేవాళ్లకు పర్పుల్ లైన్ మెట్రో దేవుడిచ్చిన వరం. 2023 అక్టోబరు నుంచి చివరిదాకా నడుస్తోంది, ఇందిరానగర్ స్టేషన్‌లో దిగితే సగం చోట్లకు నడకే. జేపీ నగర్‌కు గ్రీన్ లైన్. మారతహళ్లివాళ్లకు ఇంకా మెట్రో లేదు, వాళ్లు ఐదింటికే బయల్దేరండి.

ఎక్కడ కూర్చుంటే బాగా వినిపిస్తుంది?

ముందు రెండు వరసల్లో, కొంచెం పక్కకు. సరిగ్గా స్పీకర్ ముందు వద్దు. చిన్న గదిలో మనిషి గొంతు, గిటారు చెక్క నుంచి వచ్చే అసలు శబ్దం, వేళ్లు తీగ మీద జారే కిర్రుమనే చప్పుడు నేరుగా చెవిలో పడతాయి. వెనక కూర్చుంటే స్పీకర్ చెప్పిందే వింటాం.

మొదటి పాటకు సౌండ్ బాగోలేదని లేచి పోకండి. సౌండ్ సరిచూసింది ఖాళీ గదిలో. జనం నిండాక మన ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి, ముఖ్యంగా సన్నటి శబ్దాలను. అందుకే మొదటి పాట కాస్త మూసుకుపోయినట్టుంటుంది. రెండో పాటకల్లా ఎవరో ఒకరు బటన్లు తిప్పి సరిచేస్తారు.

మధ్యలో మాట్లాడుకోవచ్చా?

పాటకూ పాటకూ మధ్య మాట్లాడండి. పాటలో వద్దు. గాయన సమాజ అనే సంగీత సభలోనో, చామరాజపేట కోట మైదానంలో 1939 నుంచి జరిగే రామనవమి కచేరీల్లోనో పానకం తాగుతూ పక్కాయనతో రాగం గురించి గుసగుసలాడుకోవచ్చు, అక్కడ వేలమంది ఉంటారు. ఇక్కడ పాతిక మంది. మీరు "పన్నీర్ ఉందా?" అని అడిగింది పాడేవాళ్లకు చరణం మధ్యలో వినిపిస్తుంది.

రెండు సంగతులు చెప్తాను. ఒకసారి ఒక పబ్బులో (పేరెందుకులే) ఒక కుర్రాడిని సరిగ్గా పెద్ద టీవీ కింద కూర్చోబెట్టారు. ఐపీఎల్ రోజు, ఆర్‌సీబీ మ్యాచ్. మ్యూట్‌లో పెట్టాం కదా, ఇంకేం అన్నారు ఓనర్లు. వాడు చనిపోయిన తన స్నేహితుడి మీద రాసిన పాట పాడుతున్నాడు. గొంతు బాగా కిందికి దిగిన చోట సిక్సర్ పడింది. పబ్బంతా లేచి అరిచింది. వాడు పాట ఆపి తలెత్తి టీవీ చూడబోయాడు, టీవీ వాడి తల మీదే ఉంది, కనపడదు. "ఎవరు కొట్టారు?" అని మైకులోనే అడిగాడు. ఎవరో చెప్పారు. మళ్లీ ఆ పాట అందుకోలేదు, వేరేది పాడాడు.

రెండోది ఆ ఇందిరానగర్ మేడ మీదే. అక్కడ కాఫీ గింజలు పట్టే మిషన్ ఉంది, ఆన్ చేస్తే లారీ స్టార్ట్ చేసినట్టుంటుంది. కౌంటర్ దగ్గర అస్సాం కుర్రాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. చింతపండు పాట నడుస్తున్నంతసేపూ ఒక చెయ్యి మిషన్ బటన్ మీద పెట్టి, మెడ సాచి ఆ అమ్మాయి చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు. ఆర్డర్లు ఐదున్నాయి. ఆఖరి టక్ పడి, చప్పట్లు మొదలయ్యాక నొక్కాడు. ఆ రోజు నా కాఫీ పావుగంట లేటు. ఎవరూ ఏమీ అనలేదు.

వీడియో తీసి స్టేటస్ పెట్టుకోవచ్చా?

అడిగి తీయండి. 1957 కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ కింద ప్రదర్శన ఇచ్చేవాళ్లకు తమ ప్రదర్శన మీద హక్కుంది, అది 50 ఏళ్లు ఉంటుంది. మీ కోసం మీరు రికార్డు చేసుకుని దాచుకుంటే తప్పు పట్టరు. ఎక్కించి ఊరంతా చూపిస్తే అది వేరే సంగతి. చట్టం అటుంచితే, ఇంకా ట్యూన్ కుదరని పాటను ఇక్కడ పాడి చూసుకుంటారు. తడి ఆరని గోడను ఫొటో తీసి ఊరికి పంపినట్టవుతుంది. "ఏ పాట తీయొచ్చు?" అంటే వాళ్లే చెప్తారు. ముప్పై సెకన్లు తీసి, ఫోన్ బోర్లించి పెట్టండి.

తెలుగులోనే పాడతారా? నా పక్కన కన్నడవాళ్లుంటే బాగుంటుందా?

ఒక సాయంత్రం ముగ్గురు పాడితే ఒకరు ఇంగ్లిషు, ఒకరు కన్నడం లేదా హిందీ, ఒకరు తెలుగో తమిళమో మలయాళమో. మొత్తం తెలుగే అయిన సాయంత్రాలు తక్కువ. పాటల మధ్య మాటలు ఇంగ్లిషులోనే నడుస్తాయి.

కన్నడ శ్రోతలు మనకంటే బాగా వింటారు. ఈ మాటకు మావాళ్లు నా మీద కోప్పడతారు గానీ కారణముంది. వాళ్లకు భావగీతాలు (కవుల కవితలకు కట్టిన పాటలు), సుగమ సంగీతం (మన లలిత సంగీతం లాంటిది) సినిమా పక్కనే సొంత కాళ్ల మీద నిలబడి ఉన్నాయి. కన్నడ గాయకుడు సి. అశ్వత్థ్ పాడిన కవుల పాటలు వినని ఇల్లుండదు. ఇప్పటి గాయకుడు రఘు దీక్షిత్ గిటార్లు పెట్టి పాతకాలపు కన్నడ కవి శిశునాళ షరీఫ్ (1819–1889) తత్వాలు పాడితే కుర్రాళ్లు గొంతు కలుపుతారు. కవి రాసింది కవి కోసమే వినే అలవాటు వాళ్లకు పోలేదు. మదనపల్లె అమ్మాయి పాట అయ్యాక ఒక కన్నడ పెద్దాయన లేచి "హుణసె హణ్ణు?" అని అడిగాడు. చింతపండేనా అని. అవునంది. "మా అజ్జి (అవ్వ) కూడా" అన్నాడు, అంతే, కూర్చున్నాడు.

తీగ తెగితే, మైకు కీచుమంటే ఏం చేయాలి?

ఏం చేయొద్దు. మైకు కీచుమనడం అంటే స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే దూరి తిరగడం, మైకు కొంచెం పక్కకు జరిపితే పోతుంది. చెవులు మూసుకుని మొహం చిట్లించకండి, వాళ్లకు ఇప్పటికే చెమటలు పట్టి ఉంటాయి. శ్రుతి చేసుకునే రెండు నిమిషాలు కూడా ఓపిక పట్టాలి. ఏసీ గదిలోకి రాగానే తీగలు శ్రుతి తప్పుతాయి. తీగ తెగితే కొత్తది వేయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఈలోగా కొందరు కబుర్లు చెప్తారు, కొందరు గిటారు లేకుండా పాడతారు. నేను విన్న వాటిలో రెండు మూడు మంచి పాటలు అలా తీగ తెగడం వల్ల విన్నవే.

తాళం వేయొచ్చా? కోరస్ పాడొచ్చా?

పాడేవాళ్లు కలవమంటే కలవండి. అనకపోతే తాళం తొడ మీద వేసుకోండి, చప్పుడు రాకుండా.

అమ్మానాన్న ఊరి నుంచి వచ్చారు. తీసుకెళ్లొచ్చా?

కాఫీ షాపుకు, రంగశంకరకు, ఇంట్లో జరిగేవాటికి తప్పకుండా. మేడ మీదయితే మెట్లెన్ని, వీపు ఆనించే కుర్చీ ఉందా అని ముందే ఫోన్ చేసి అడగండి. చాప మీద రెండు గంటలు అరవై ఏళ్ల మోకాళ్లతో అవ్వదు.

మా అమ్మను ఆ మదనపల్లె అమ్మాయి పాటకే తీసుకెళ్లాను. దారంతా "ఎవర్రా ఆ పిల్ల, పెళ్లయిందా, ఏం చేస్తుంది?" పాటలన్నీ విని, అయ్యాక నేను ఆపేలోపు లేచి నేరుగా ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లింది. "గొంతు బాగుందమ్మా. కానీ ఆ కొట్టడం తొందరగా కొడుతున్నావు. చింతపండు అంత బిరబిరా కొట్టరు. ఒక దెబ్బ వేసి, కాయ తిప్పి, అప్పుడు ఇంకో దెబ్బ." అని గాల్లో చేసి చూపించింది. నేను సిగ్గుతో ముడుచుకుపోయాను. ఆ పిల్ల మాత్రం గిటారు మళ్లీ చేతిలోకి తీసుకుని "ఇట్లా ఆంటీ?" అని కొట్టి చూపించింది. "ఇంకా నిదానం" అంది అమ్మ.

చిన్నపిల్లలైతే మొదటి వరసలో వద్దు, తలుపు దగ్గర కూర్చోండి. ఏడిస్తే బయటికి పోవడానికి.

అయిపోయాక వాళ్లతో మాట్లాడొచ్చా? ఏం మాట్లాడాలి?

మాట్లాడాలనే వాళ్లూ అక్కడే తచ్చాడుతుంటారు. "సూపర్" అనేది ఎవరైనా అంటారు. ఫలానా పాదం నచ్చింది అని చెప్పండి, మొహం వెలిగిపోతుంది. "ఇండియన్ ఐడల్‌కు ఎందుకు ట్రై చేయలేదు?", "సినిమాల్లో ఛాన్స్ రాలేదా?" అనే రెండు ప్రశ్నలు దయచేసి వద్దు. పొగడ్త అనుకుని అడుగుతాం, వాళ్లకు మాత్రం చేస్తున్నది ఏదో వెయిటింగ్ రూమ్‌లో కూర్చోవడం అన్నట్టు తగులుతుంది.

నచ్చకపోతే లేచి రావచ్చా?

రావచ్చు. పాట అయ్యేదాకా ఆగి. నేను వెళ్లినవాటిలో సగం నాకు నచ్చలేదు. రాసినదంతా డైరీలా ఉండటం, ప్రాస కోసం మాట చంపుకోవడం, ప్రతి పాటకూ గిటారు మీద అవే నాలుగు కార్డ్స్ (స్వరాల గుత్తులు). అయినా రెండు మూడు వందలు పోతే పోయాయి, ఒక సినిమా పాప్‌కార్న్ కంటే తక్కువే.

ఇంట్లో కూర్చుని స్పాటిఫైలో వింటే వాళ్లకు డబ్బులు రావా?

చాలామటుకు రావు. 2024 నుంచి స్పాటిఫై నిబంధన ప్రకారం ఒక పాట గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడకపోతే దానికి రాయల్టీ లెక్కలోకే రాదు. కొత్తవాళ్ల పాటలకు ఆ వెయ్యి దాటడమే కష్టం. వినండి, వద్దనడం లేదు. పాట ఉందని నలుగురికి తెలుస్తుంది. డబ్బు మాత్రం గిన్నెలో వేసిందే చేరుతుంది.

పదింటికి ఠక్కున ఆపేస్తారెందుకు? అప్పుడే ఊపొచ్చింది కదా!

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఆడిటోరియం లాంటి మూసిన హాళ్లకు మినహాయింపుంది, మేడకు లేదు. ఇందిరానగర్‌లో పక్క ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి పబ్బుల శబ్దంతో విసిగిపోయి ఉన్నారు, వాళ్ల కోపం న్యాయమైనదే. చివరి పాట కోసం పట్టుపడితే ఆ చోటుకే ముప్పు. కొందరు పదింటికి మైకు కట్టేసి, అందరినీ దగ్గరకు జరగమని ఒక్క పాట ఉత్త గొంతుతో పాడతారు. దానికోసం ఉండండి.

మా ఫ్లాట్‌లో ఒక ప్రోగ్రాం పెట్టాలని ఉంది. ఎలా?

హాల్లో సోఫా బయటికి నెట్టి, దుప్పట్లు పరిస్తే ఇరవై మంది పడతారు. మైకు అక్కర్లేదు. అసోసియేషన్ సెక్రటరీకి ముందే చెప్పి, వీలైతే ఆయన్నే పిలవండి. పై ఫ్లోర్‌వాళ్లనూ పిలవండి, పిలిచినవాళ్లు కంప్లెయింట్ ఇవ్వరు. పాట సమయంలో ఫ్యాన్ ఆపండి లేదా ఒకటి మీద పెట్టండి, ఫ్రిజ్ చప్పుడు ఎంతుంటుందో ఆ రోజే తెలుస్తుంది. కుక్కర్ పెట్టకండి. మా ఇంట్లో పెట్టినప్పుడు పక్క ఫ్లాట్ కుక్కర్ మూడో విజిల్ సరిగ్గా శ్రుతిలో పడింది, ప్రతిసారీ అలా కలిసిరాదు.

పాడేవాళ్లకు ఎంత ఇస్తారో పిలిచినప్పుడే చెప్పండి. "మంచి ఎక్స్‌పోజర్ ఉంటుంది" అనే మాట నోట రానివ్వకండి. భోజనం పెట్టండి, పాటకు ముందు తక్కువగా, తర్వాత కడుపునిండా. గిటారు పట్టే చేతికి నెయ్యి అంటుకుంటే పెసరట్టు కూడా శత్రువే.

నేనూ రాస్తాను. ఓపెన్ మైక్‌లో పాడొచ్చా?

పాడండి. పేరు ముందే ఇవ్వాలి, రెండు పాటలకు ఐదారు నిమిషాలిస్తారు. "జస్ట్ అలా ఊరికే రాశాను, పెద్దగా ఏం లేదు" అని మొదలెట్టకండి, అందులో ఒక నిమిషం పోతుంది.

ఆ మదనపల్లె అమ్మాయి మళ్లీ ఎప్పుడు పాడుతుంది?

ఈ మధ్య వచ్చే ప్రశ్న ఇదే. ఆమెకు డ్యూటీ షిఫ్టులు, రెండు వారాలకొకసారి మారతాయి, ముందే తేదీ చెప్పలేదు. పోయిన నెల ఒక ఇంట్లో పాడింది. చింతపండు పాట ఇప్పుడు ముందుకంటే దాదాపు నిమిషం ఎక్కువుంది. ఒక దెబ్బ, ఆగి, కాయ తిప్పేంతసేపు, ఇంకో దెబ్బ. అమ్మకు ఫోన్‌లో వినిపించాను. "ఊఁ, ఇప్పుడు కొడుతోంది" అంది.